ఎండ మీదికి నెట్టిన నేరం

పోయిన వారం వాసవిని నంద్యాల విత్తనాల కంపెనీలో, మేడమీది గదిలో, కంప్యూటర్ ముందు నిర్ఘాంతపోయి కూర్చున్నచోట వదిలేశాం. రైతులు కంపెనీకి చేసే ఫోన్లను విని, వేటికవి విడదీసి, రేపు ఎవరడిగినా దొరికేలా పెట్టడం ఆమె పని. మొక్కజొన్న కింద 'గింజ పట్టలేదు' అని తను పెట్టిన శీర్షిక సోమవారం పొద్దునకల్లా మాయమైంది. దాని కింద ఉండాల్సిన ఫోన్లన్నీ 'వాతావరణం' కిందికి పోయి బుద్ధిగా కూర్చున్నాయి. దొర్నిపాడు రైతులు పెట్టుకున్న అర్జీ మీద మరునాడే ఆళ్లగడ్డలో వ్యవసాయ శాఖ వారి విచారణ. ఇవాళ ఆ మరునాడు.

వాసవి చదివింది ఎమ్మెల్లైఎస్సీ. గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పీజీ, తిరుపతిలో. ఆళ్లగడ్డలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఆదిశేషయ్య కూతురు ఇంజనీరింగో ఫార్మసీయో చదవకుండా ఇదేం చదువని చుట్టపక్కాలు నవ్వని పెళ్ళి లేదు. "పుస్తకాలు సర్దేదానికి గూడా పీజీ కావల్నా? పోనీలే, అంగట్లో డబ్బాలన్నా సర్దుతాది" అని మేనత్త నలుగురిలో అంటే, నలుగురూ లడ్డూలు నములుతూ నవ్వారు. చదువయ్యాక మూడేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్. ఆ మాట బోర్డు మీదే. చేసిందేమిటంటే హాల్ టికెట్లు పంచడం, బస్సు ఫీజులు వసూలు చేయడం, ఎండాకాలం వస్తే చాగలమర్రి దాకా ఊరూరా తిరిగి 'మీ పిల్లోణ్ణి మా కాలేజీలో చేర్పించండి' అని గడప గడపా ఎక్కి దిగడం. లైబ్రరీ గది తాళంచెవి మాత్రం ప్రిన్సిపాల్ జేబులో ఉండేది.

అట్లాంటి పిల్లకు దసరా ముందు ఈ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. జనరల్ మేనేజర్ గురుప్రసాద్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, వర్గీకరణ అంటే ఏమిటమ్మా, మా కంపెనీకి అది ఎట్లా పనికొస్తుంది అని అడిగాడు. ఆ చదువు గురించి నవ్వకుండా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు ఇంటికొచ్చి వాసవి అన్నం తినకుండా మాట్లాడింది. ఆ సంతోషంతోనే ఇన్ని నెలలు పనిచేసింది. ఆ గౌరవంతోనే ఈ పొద్దు ఆయన గది తలుపు తోసింది.

గదిలో ఏసీ చల్లగా ఉంది. బల్ల మీద గాజు సీసాలో నమూనా కంకులున్నాయి, మొదలు నుంచి కొస దాకా గింజ కరుచుకున్నవి. గురుప్రసాద్ మజ్జిగ తాగుతున్నాడు.

"ఏమ్మా, పొద్దున్నే మొగం అట్ల పెట్టుకోనుండావ్? కూచో."

"కూచోను సార్. 'గింజ పట్టలేదు' అని నేను పెట్టిన హెడ్డింగ్ ఎవురు తీసేసినారు?"

"నేనే తీపిచ్చినా." చిలకడదుంప తొక్క తీసినంత తేలిగ్గా చెప్పాడు. "ఒక్క ఫోనన్నా పోయిందేమో చూసుకో. అన్నీ ఆడనే ఉండాయి. చోటు మారినాయి, అంతే."

"చోటు మార్చడమంటే పారేయడమే సార్. విచారణకొచ్చిన సారు ఇత్తనం మీద ఎన్ని ఫిర్యాదులొచ్చినాయంటే మన కంప్యూటర్ ఒగటీ లేదని చెప్తాది."

"ఉన్నమాటే గదా చెప్తాది."

వాసవికి ఒళ్ళు మండింది. మండదా? ఆ చదువులో చేరిన మొదటి నెలలోనే నేర్పే సంగతి ఇది. పుస్తకాన్ని మాయం చేయాలంటే చంకలో పెట్టుకుని గోడ దూకనక్కర్లేదు, తీసి పక్క బీరువాలో పెడితే చాలు. ఉందా అంటే ఉంది. కావాలంటే దొరకదు. ఎవరిమీదా కేసు ఉండదు. ఆ పని జరగకుండా కాపలా ఉండడానికే ఇలాంటి చదువు ఒకటి పెట్టారు. కాపలా మనిషిని పైన కూర్చోబెట్టి కిందినుంచి ఇల్లు దోచుకున్నట్టయింది ఇక్కడ.

"ఆ ఫోన్లన్నీ విన్నా సార్. నా చెవులతో విన్నా. 'కంకి ఉంది, లోపల గింజ లేదు, పక్క చేన్లో వేరే కంపెనీది అదే వారం నాటినాం, దానికి గింజ నిండుగా ఉంది' అని చెప్పిరి. ఎండ పక్క చేన్లో కాయలేదా? గట్టు కాడ ఆగిపోయిందా?"

గురుప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. "అది మొదట్లో చెప్పిన మాట. నేను మళ్ళా ఒక్కొక్కరికీ ఫోన్ చేపిచ్చినా. ఎందుకు పోయిందప్పా నీ పంటని అడిగితే, అందరూ ఎండకే అన్నారు. దొర్నిపాడు మద్దిలేటి అని అరిచి గోల చేసినాడే, ఆయప్ప గూడా ఎండకే అన్నాడు. రైతులు చెప్పిందే మనం పెట్టినాం. తప్పేముంది?"

ఇది వాసవి ఊహించని దెబ్బ. మద్దిలేటి మొదటి ఫోను ఆమెకు ఇంకా చెవుల్లో ఉంది. 'మీ ఇత్తనం నోట్లో మన్ను పడ' అని మొదలుపెట్టాడు. ఆ మనిషి ఎండ అన్నాడా?

గురుప్రసాద్ గొంతు మెత్తబడింది. "మధ్యాహ్నం నువ్వూ ఆళ్లగడ్డకు వస్తాండావు. కృపావరం సార్ అని వ్యవసాయ శాఖాయన వస్తాడు. ఆయన ముందర నిలబడి, ఈ వర్గీకరణ అంతా శాస్త్రీయంగా చేసిందని ఒక్క మాట చెప్పు. చాలు. ఎమ్మెల్లైఎస్సీ చేసినదానివి. సమాచార శాస్త్రం. నువ్వు చెప్పినాక ఇంగ ఎవురు కాదంటారు?"

ఇన్ని నెలల్లో 'ఆ లైబ్రరీ చదువు' అనడమే తప్ప డిగ్రీ పేరు పూర్తిగా పలకని మనిషి, ఈ రోజు ఒక్క అక్షరం మింగకుండా పలికాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. గింజ పెట్టలేని విత్తనం ఎండను తప్పుపడుతోంది, దానికి సాక్ష్యం పలకడానికి ఒక పీజీ కావలసి వచ్చింది. పనికిరాదని నలుగురూ నవ్విన చదువుకు చివరికి దొరికిన పని ఇది. ఏ సిగ్గూ లేకుండా అడుగుతున్నాడు, మజ్జిగ మీగడ మీసాలకు అంటుకుని ఉండగానే.

"నా చదువు మీకు కావాల్సినచోట గుద్దుకునే రబ్బరు ముద్ర కాదు సార్."

"కోపం వద్దమ్మా. ఒకసారి మీ నాయనతో మాట్లాడు. తర్వాత చెప్పు."

"మా నాయనకూ నా ఉద్యోగానికీ ఏం సంబంధం?"

గురుప్రసాద్ నవ్వాడు. మజ్జిగ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

కిందికి దిగితే గేటు పక్క రేకుల షెడ్డులో మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, కాళ్ళ దగ్గర గోనెసంచి. వాసవిని చూసి లేచి నిలబడ్డాడు.

"పాపా, బీమా దుడ్లు ఎప్పుడు పడతాయో కనుక్కోని పోదామని వస్తి. ఒక మాట చెప్తే పోతా."

బీమా ఏమిటి? వాసవి అడగబోయి ఆగింది. మనిషి పైకి అడిగే ప్రశ్న వెనక అసలు ప్రశ్న ఇంకొకటి ఉంటుందని, తొందరపడి జవాబు చెప్పకుండా దాన్ని మెల్లగా బయటికి రానివ్వాలని ఆమెకు తిరుపతిలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది కూడా. ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మద్దిలేటన్నా, ఎవురు చెప్పినారు బీమా వస్తాదని?"

"మీ నాయనే గదా."

"ఏమని చెప్పినాడు?"

"ఇత్తనం చెడిందంటే కోర్టుల చుట్టూ ఏండ్లకేండ్లు తిరగల్ల, నీ చెప్పులరుగుతాయి. ఎండకు పోయిందంటే బీమా బేగా వస్తాది. కంపెనీవాళ్ళు మళ్ళా ఫోన్ జేస్తారు, అప్పుడు ఎండ అని చెప్పు అన్నాడు. మా ఊర్లో అందరికీ అట్లనే చెప్పినాడు. శెట్టి మాట ఇని చెడిపోయినోడు ఇంతవరకూ లేడు పాపా, అందుకని చెప్తిమి."

"బీమాకు నువ్వు కట్టినావా అన్నా?"

"నేనేడ కట్టినా? శెట్టి చూసుకుంటాడనుకుంటి."

మద్దిలేటి సంచి మూతి విప్పి ఒక కంకి తీసి ఇచ్చాడు. పొత్తి ఒలిస్తే లోపల తెల్లటి బెండు, అక్కడొకటి ఇక్కడొకటి గింజ. ముసలివాడి నోట్లో పళ్ళలా ఉన్నాయి. "మా కమలాక్షమ్మ చూసి ఏడ్వనన్నా ఏడ్వలేదు. పొయ్యిలోకన్నా పనికొస్తాయని మోస్తాంది" అన్నాడు మద్దిలేటి తన భార్య గురించి.

కన్నతండ్రి. కంచే చేను మేసింది. ఆమె ఆ కంకిని చేతిలో పట్టుకునే లేచింది. "నడువన్నా. ఆళ్లగడ్డకు పోదాం. నువ్వు నాకు చెప్పిందే ఆడ చెప్పు. ఒగ మాట ఎక్కువ వద్దు, ఒగ మాట తక్కువ వద్దు."

"చెప్తా పాపా. నాకేం భయం?"

బస్సు శిరివెళ్ళ దాటింది. వాసవి తండ్రి తరఫున తనే వాదించుకుంటూ, తనే ఓడిపోతూ కూర్చుంది. అంగడి పేరు పోతుందని భయపడి ఉంటాడు. రైతులు వచ్చి మీద పడతారని భయపడి ఉంటాడు. ఏ భయమైతే మాత్రం, తెలియనివాళ్ళ నోట్లో అబద్ధం పెట్టొచ్చా? చిన్నప్పుడు తూకంలో వేలు పెట్టిన గుమాస్తాను అదే పూట మాన్పించిన నాయనేనా ఈయన?

ఆళ్లగడ్డలో అంగడి ముందు షామియానా వేసి ఉంది. ఎరుపు ప్లాస్టిక్ కుర్చీల్లో దొర్నిపాడు రైతులు కూర్చున్నారు. గురుప్రసాద్ కారు అప్పటికే వచ్చి చెట్టు లేని రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది. విచారణకు రావలసిన కృపావరం గారు ఇంకా రాలేదు. ఆదిశేషయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళకు సోడాలు ఇప్పిస్తున్నాడు. కూతుర్ని చూసి మొహం వెలిగింది.

"వచ్చినావా పాపా? అన్నం తినింటివా?"

"గోడౌన్లోకి రా నాయనా. మాట్లాడల్ల."

గోడౌన్ అంగడికి వెనకే. మందుల వాసన, గాలి ఆడదు. బస్తాల మధ్య నిలబడి వాసవి ఆ కంకిని తండ్రి ముందుకు చాపింది.

"దీన్ని ఎండ అని చెప్పమంటివా?"

ఆదిశేషయ్య కంకిని చూడలేదు. "మెల్లగ మాట్లాడు."

"మెల్లగ ఎందుకు? నీ మీద నమ్మకంతో వాళ్ళు నోరు తెరిచి అబద్ధం చెప్పినారు నాయనా! రాని బీమా వస్తాదని చెప్తివి. కట్టని బీమా యాడ్నుంచి వస్తాది? ఆ గురుప్రసాద్ చెప్పమన్నాడా? ఆయనంటే నీకేం భయం? డీలర్షిప్ పోతే పోనీ, ఇంకో కంపెనీ లేదా?"

"డీలర్షిప్ గాదు."

"మరేంది?"

ఆయన ఒక బస్తా మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి ఒక్కసారిగా డెబ్బై ఏళ్ళవాడిలా అయ్యాడు.

"కాలేజీలో హాల్ టికెట్లు పంచి పంచి వస్తాంటివి. రాత్రిళ్ళు మీయమ్మ ఒళ్ళో పండుకోని ఏడుస్తాంటివి. నాకు ఇనపడదనుకుంటివి. నీ చదువును జూసి ఊర్లో ప్రతి నాకొడుకూ నవ్వె. నేనూ నవ్వితి ఒగ దినం, నువ్వు మర్చిపోయినావేమో, నేను మర్చిపోలే. అప్పుడు గురుప్రసాద్ ఈ కొత్త రకం మొక్కజొన్న తీసుకోని వచ్చె. నంద్యాల్లో ఎవురూ దింపుకోలే. ఒగ పంట గూడా చూడని రకం, మేం వద్దనిరి అందరూ. నేను దింపుకుంటా అంటి. లారీ నిండా దింపుకుంటా, మా పాపకు దాని చదువుకు తగిన కుర్చీ ఎయ్యి అంటి."

వాసవి గోడకు ఆనుకుంది. "నన్ను ఇంటర్వ్యూ చేసినారు నాయనా."

"చేసినారు."

"వర్గీకరణంటే ఏందని అడిగినారు. నేను చెప్తాంటే ఇన్నారు."

"అడగమని నేనే చెప్తి." ఆయన తల వంచుకున్నాడు. "ఊరికే ఇచ్చినారంటే నువ్వు నొచ్చుకుంటావని."

అబ్బా, ఏం ప్రేమ ఇది! ఎవరు అడిగారు ఈ ప్రేమను? కూతురి చదువుకు విలువ లేదని లోకం అంటే, ఉందని నిరూపించడానికి ఆ తండ్రికి తోచిన దారి, దాన్ని కొని తేవడం. కొన్నది తన సొమ్ముతోనైనా కాదు. దొర్నిపాడు పొలాలతో. వాసవికి తండ్రి మీద కోపం వచ్చింది, గురుప్రసాద్ మీద వచ్చింది, పెళ్ళిళ్ళలో లడ్డూలు నమిలిన ప్రతి నోటి మీదా వచ్చింది. అన్నింటికంటే ఎక్కువగా, ఆ రోజు అన్నం కూడా తినకుండా మురిసిపోయిన తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఏమని అమ్మితివి వీళ్ళకు?"

"మా పాప పనిజేసే కంపెనీ ఇత్తనమప్పా, ఎయ్యండి అంటి. ఏసినారు." ఆదిశేషయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "చెడ్డదని నాకేమన్నా కలొచ్చిందా తల్లీ? ఇప్పుడు నువ్వు ఇత్తనం తప్పని చెప్తే నిన్ను ఈ సాయంత్రమే తీసేస్తాడు. చెప్పి పెట్టినాడు నాకు. మళ్ళా హాల్ టికెట్లు పంచుతావా? మళ్ళా గడప గడపా ఎక్కుతావా? నా కండ్లతో చూడలేను."

ఏదో చప్పుడైతే వాసవి తిరిగి చూసింది. గోడౌన్ గుమ్మం దగ్గర నీళ్ళ క్యాను ముందు మద్దిలేటి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. గ్లాసు అక్కడ పెట్టి షామియానా వైపు వెళ్ళిపోయాడు.

బయట జీపు ఆగింది. కృపావరం గారు వచ్చారు. సన్నటి మనిషి, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. సోడా వద్దన్నారు, కుర్చీ మాత్రం నీడలోకి జరుపుకున్నారు. గురుప్రసాద్ లేచి, మా దగ్గర ఫిర్యాదులన్నీ శాస్త్రీయంగా విడదీసి ఉన్నాయి సార్, విత్తనం మీద ఒక్కటి కూడా లేదు, అన్నీ వాతావరణమే, ఇదిగో మా సమాచార విభాగం మేడం, ఆ శాస్త్రంలోనే పీజీ, అని వాసవి వైపు చెయ్యి చూపించాడు.

"ముందు రైతుల్ని మాట్లాడనీయండి" అన్నారు కృపావరం గారు. "మద్దిలేటి ఎవరు? అర్జీలో మొదటి సంతకం మీదే. చెప్పండి, పంట ఎందుకు పోయింది?"

మద్దిలేటి లేచాడు. వాసవికి ధైర్యం వచ్చింది. చెప్తాడు. పొద్దున బెంచీ మీద తనకు చెప్పిందే చెప్తాడు. ఆ మాట ఒక్కటి బయట పడితే మిగతా రైతులూ లేస్తారు. మద్దిలేటి తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆమె వైపు ఒకసారి చూశాడు. చూపులో కోపం లేదు. ఇంట్లో ఆడపిల్లను చూసినట్టు చూశాడు.

"ఎండకే పోయింది సార్."

కుర్చీల్లో గుసగుస లేచింది. "ఏందిప్పా మద్దిలేటీ, ఈడ గూడా ఎండేనా?" అని ఎవరో గట్టిగానే అన్నారు.

"ఈ ఏడు ఎండలు మంటలు గదా సార్" అన్నాడు మద్దిలేటి, తల ఎత్తకుండా. "ఇత్తనానిది ఏం తప్పు లేదు. అర్జీ తొందరపడి పెడితిమి."

గురుప్రసాద్ కాలు మీద కాలు వేసుకున్నాడు. కృపావరం గారు కాసేపు మద్దిలేటినే చూసి, వాసవి వైపు తిరిగారు. "మీరేమంటారు మేడం? మీ హెడ్డింగు, రైతు మాట ఒకటే అయినాయి. ఇంక నేను రాసుకోవచ్చా?"

పంట పోగొట్టుకున్న మనిషి వాసవి ఉద్యోగం నిలబెట్టడానికి పరిహారం మీద హక్కు కూడా వదులుకుంటున్నాడు. కమలాక్షమ్మ పొయ్యిలోకి బెండ్లు మోస్తోంది. వాసవి ముందుకు నడిచింది. చేతిలోని కంకిని తీసుకెళ్ళి కృపావరం గారి ముందు బల్ల మీద పెట్టింది.

"రాసుకోవద్దు సార్. ఆ హెడ్డింగు నేను పెట్టింది కాదు. నేను పెట్టింది తీసేసి ఇది పెట్టినారు. ఇంగ మద్దిలేటన్న అబద్ధం చెప్తాండాడు."

"వాసవీ!" గురుప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

"తన పంట మీద తనే అబద్ధం ఎందుకు చెప్తాడమ్మా?" అన్నారు కృపావరం గారు.

"నా కోసం సార్."

ఆ 'నా కోసం' వెనక ఉన్నదంతా ఇప్పుడు చెప్పాలి. ఉద్యోగం ఎట్లా వచ్చిందో, లారీ ఎందుకు దిగిందో, ఊరి నడిబొడ్డున, ముప్పై ఏళ్ళుగా నాయన పేరు రాసి ఉన్న బోర్డు కింద నిలబడి చెప్పాలి. వాసవి వెనక్కి తిరిగింది. గోడౌన్లోంచి వచ్చి అంగడి మెట్ల మీద ఆగిపోయిన ఆదిశేషయ్య, వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

"నాయనా" అంది వాసవి, అందరికీ వినబడేలా. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"